వజ్రాలు దొరికిన ఊళ్లు పేదగా ఎందుకున్నాయి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈరోజు మీకు సియెర్రా లియోన్ గురించి చెబుతాను. ఆఫ్రికా పడమటి తీరాన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. అక్కడి కోనో జిల్లాలో 1930లో వజ్రాలు బయటపడ్డాయి. 1935లో బ్రిటిష్ పాలకులు ఒకే కంపెనీకి 99 ఏళ్ల తవ్వకం హక్కులు రాసిచ్చేశారు. దాంతో ఆ నేల మీద పుట్టినవాళ్లు తమ వాగులో తట్ట దించినా దొంగతవ్వకమే అయింది.

1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం. తిరుగుబాటుదారులు గనులు పట్టుకుని, తుపాకి చూపించి జనంతో తవ్వించారు. వజ్రాలు పొరుగుదేశం లైబీరియా మీదుగా వెళ్లేవి, ఆయుధాలు వచ్చేవి. సుమారు 50 వేలమంది చనిపోయారు. ఎందరికో చేతులు నరికేశారు. మీ వయసు పిల్లలకు, ఇంకా చిన్నవాళ్లకు కూడా తుపాకులిచ్చారు. తిరుగుబాటుదారులకు సాయం చేసినందుకు లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది.

ఇలాంటి వజ్రాలను ఆపడానికి 2003లో కింబర్లీ ధ్రువపత్రం వచ్చింది. తిరుగుబాటుదారుల యుద్ధానికి డబ్బు చేర్చిన ముడి వజ్రం కాదని మాత్రమే అది చెబుతుంది. తవ్వినవాడికి కూలి అందిందా, వాగు బాగుందా అన్నది అందులో ఉండదు.

ఇప్పటికీ వేలమంది నడుంలోతు నీళ్లలో నిలబడి కంకర జల్లిస్తున్నారు. చాలాచోట్ల పెట్టుబడిదారు పార, జల్లెడ, తిండి ఇస్తాడు. రాయి దొరికితే ధర చెప్పేదీ అతనే. రాయి విలువ తెలియనివాడు బేరమేం ఆడతాడు?

2017లో కోనోలో ఒక పాస్టరు దగ్గర పనిచేసే కూలీలకు 709 క్యారెట్ల వజ్రం దొరికింది. అయిదు క్యారెట్లు ఒక గ్రాము. లెక్కేయండి, 142 గ్రాములు కూడా లేదు. ఆ పాస్టరు దాన్ని చాటుగా అమ్ముకోకుండా ప్రభుత్వానికి అప్పగించారు. న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. దాన్ని బహిరంగంగా అమ్మడం వల్లే ఆ ధర అందరికీ తెలిసింది.

ఆ దేశంలో 2001లో ఒక నిధి పెట్టారు. ఎగుమతి విలువ మీద 3 శాతం పన్ను, అందులో నాలుగో వంతు తవ్వే ప్రాంతాలకు. అంటే వంద రూపాయల వజ్రానికి ఊరికి 75 పైసలు.

మరి మనకు? 1996 పెసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది. మన అనంతగిరి కొండల నుంచి వెళ్లిన కేసులో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వకూడదని చెప్పింది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది.

కోనో వాళ్లను 1935లో ఎవరూ అడగలేదు. మనల్ని అడగాలని చట్టం ఉంది. అడిగిన రోజు గ్రామసభలో మీరు లేకపోతే ఆ చట్టం కాగితమే. పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. తీర్మానం పైకి చదివి, మన భాషలో చెప్పండి. చదవకుండా ఎవరినీ వేలిముద్ర వేయనివ్వకండి. ఖనిజ నిధిలో మన ఊరికి ఎంత వచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

మీ చదువు ఊరికి ముందుగా అక్కరకు రావాల్సింది అక్కడే.

జోహార్!