తిండిపోతు అనే ముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇంజనీరును కాబట్టి నాకు తెలిసిన భాషలోనే ఆకలి గురించి నాలుగు మాటలు చెబుతాను. మిద్దె మీద నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ ఉంటుంది. నీళ్లు నిండగానే అది పైకి లేచి నీటిని ఆపేస్తుంది. మన ఒంట్లోనూ అలాంటి ఏర్పాటుంది. దాన్ని నడిపేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ ‘ఆకలి’ అని కబురు పెడుతుంది. ఒంట్లోని కొవ్వు లెప్టిన్‌ను పంపి ‘నిల్వ ఉంది, చాలు’ అంటుంది. లెప్టిన్‌ను 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది.

ఈ ఫ్లోట్ పనిచేయకపోతే ఏమవుతుందో మన హైదరాబాదులోనే తెలిసింది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ తరతరాలుగా పెంచుతున్న ఎలుకల్లో దానంతటదే జన్యుమార్పు వచ్చి, విపరీతంగా లావెక్కే సంతతి పుట్టింది. వాటి రక్తంలో లెప్టిన్ తక్కువేమీ లేదు, చాలా ఎక్కువే ఉంది. కబురు వస్తూనే ఉన్నా మెదడు దాన్ని సరిగా అందుకోలేదు. అందుకే అవి అతిగా తిన్నాయి. అది వాటి ఆశపోతుతనం కాదు.

మనుషుల్లో ఇంత పెద్ద లోపం అరుదు. చిన్న తేడాలు మాత్రం చాలామందిలో ఉంటాయి. 2007లో స్థూలకాయంతో ముడిపడి ఉందని తేలిన ఎఫ్‌టీఓ జన్యువులో ఒక రకం ఉంది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ సంక్రమించిన యూరప్ వాసులు, అసలు లేనివారికంటే సగటున సుమారు 3 కిలోలు ఎక్కువ బరువున్నారు. ఇలాంటి జన్యువులు ఇంకా ఎన్నో ఉన్నాయి.

అయితే జన్యువులు ఒక్క తరంలో మారిపోవు. మారింది మన కంచం. నల్లమల అంచున మన పెద్దలు తిన్న కొర్రన్నం, జొన్నరొట్టెల్లో పీచు ఉంది. ఆ తిండి నెమ్మదిగా అరుగుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు, ‘చాలు’ అని చెప్పే హార్మోన్లు విడుదలవుతాయి. కూల్‌డ్రింకులో చక్కెర ఎంతున్నా కడుపు నిండిన కబురు మెదడుకు అంతగా చేరదు. కొర్రలకు మనం దూరం పోనక్కరలేదు. సూర్యనంది అనే కొర్ర రకం మన నంద్యాల పరిశోధన స్థానంలోనే తయారైంది.

అయ్యవార్లకు నా విన్నపం ఒక్కటే. లావుగా ఉన్న పిల్లవాణ్ణి తరగతిలో తిండిపోతు అననీయకండి. అవమానిస్తే ఫ్లోట్ బాగుపడదు. మిత్రులారా, బడిలో మనం జరిపే ప్రతి వేడుకలో పిల్లలకు కూల్‌డ్రింకు మాని మజ్జిగ పోద్దాం, ఒక ముద్ద కొర్రన్నం వడ్డిద్దాం. పుట్టుకతో వచ్చినదాన్ని మనం మార్చలేకపోయినా, వడ్డించేది మన చేతిలోనే ఉంది.