నిదానమే ప్రధానం: కారులో ప్రాణమూ, పైసా మిగలాలంటే



మన నర్మెట్ట మండలంలో ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు కారు కనబడుతోంది. కొందరు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నారు, కొందరు కిరాయికి నడుపుకుంటున్నారు. జనగామ బజారుకైనా, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికైనా, పెళ్ళికైనా కారే. కారు గురించి నర్సుకు ఏం తెలుసని మీరు అనుకోవచ్చు. ఇంజను గురించి మెకానిక్ చెబుతాడు. లోపల కూర్చున్న మనిషి గురించి మేము చెప్పాలి. దెబ్బ తగిలాక ముందుగా చూసేది మేమే కదా!

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. వాటిలో ఎక్కువ మరణాలకు అతివేగమే కారణం. ఈ రోజు నేను చెప్పే ముఖ్యమైన మాట ఒక్కటే. ప్రాణం కాపాడే అలవాటే డీజిల్, పెట్రోలు డబ్బులు కూడా మిగులుస్తుంది.

వేగం

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. 80తో పోతే 22 మీటర్లు. ఎదురుగా గొర్రెల మంద కనబడి, బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఆ సెకను అయిపోతుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

ఖర్చు కూడా అంతే. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగంలో కారు మంచి మైలేజీ ఇస్తుందని ఇంధన పొదుపు గురించి ప్రచారం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పి.సి.ఆర్.ఏ. చెబుతోంది. 20 కిలోమీటర్ల దారి 80తో పోతే 15 నిమిషాలు, 50తో పోతే 24 నిమిషాలు. మిగిలేది 9 నిమిషాలు, అదీ దారి పూర్తిగా ఖాళీగా ఉంటేనే. ఆ 9 నిమిషాల కోసం ఇల్లంతా ఏడవాలా? ఆలోచించండి.

ఖర్చు తగ్గించే మంచి అలవాట్లు

- ఆక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి, వెంటనే బ్రేకు వేయకండి. ముందున్న బండికి దూరంగా ఉంటే రెండూ అవసరం పడవు.
- క్లచ్ మీద కాలు పెట్టుకొని నడపకండి. ప్లేట్లు త్వరగా అరుగుతాయి.
- దిగుడులో న్యూట్రల్ చేసి, లేదా ఇంజను ఆపి పోతే డీజిల్ మిగులుతుందని కొందరి నమ్మకం. ఇది ప్రమాదకరం. ఇంజను ఆగితే బ్రేకు, స్టీరింగు గట్టిపడతాయి. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి ఆక్సిలరేటరు వదిలితే ఇంధనం దానంతట అదే ఆగుతుంది.
- టైర్లలో గాలి కనీసం నెలకొకసారి, బండి కదలక ముందు ఉదయం పూట చూపించండి. గాలి తక్కువైతే ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఎండాకాలం టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.
- ఐదుగురి కారులో తొమ్మిది మందిని ఎక్కించకండి. బరువు పెరిగితే బ్రేకూ పడదు, మైలేజీ రాదు.

బెల్టు

ముందు కూర్చున్నవారే కాదు, వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. చట్టం కూడా అదే చెబుతోంది. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని ముందు సీట్లో కూర్చోవద్దు. గుద్దుకున్నప్పుడు బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు. గర్భిణులు బెల్టు మానకూడదు. కింది పట్టీ పొట్ట కింద, తొడల పైభాగాన ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుండి రావాలి. పొట్ట మీదుగా మాత్రం పెట్టుకోవద్దు.

మన రోడ్ల మీద

వరి కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తాం, చుట్టూ రాళ్ళు పెడతాం. రాత్రి పూట నల్ల పరదా, రాళ్ళు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. వడ్ల మీద టైరు జారుతుంది. రైతన్నలు వీలైనంతవరకు కల్లంలోనే ఆరబోయాలి. కుప్ప ఎత్తాక రాళ్ళు కూడా తీసేయాలి. ట్రాక్టరు ట్రాలీకి వెనుక లైటు గానీ, మెరిసే ఎర్ర స్టిక్కరు గానీ తప్పక ఉండాలి. ఎదురు బండి వస్తే లైట్లు డిమ్ చేయండి. వానాకాలంలో కల్వర్టు మీద నీరు పారుతుంటే ఆగండి. అడుగు లోతు నీరే చిన్న కారును తేల్చి ఈడ్చుకుపోగలదు.

నడిపేవారి ఆరోగ్యం

జలుబుకు, అలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు మగత తెస్తాయి. మందు ఇచ్చేటప్పుడు "నేను బండి నడుపుతాను" అని డాక్టరుకు చెప్పండి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ తీసుకునేవారు తినకుండా స్టీరింగు పట్టవద్దు. చెమటలు, వణుకు, కళ్ళు మసకబారడం అనిపిస్తే వెంటనే పక్కకు ఆపి చక్కెర తినండి. తగ్గాక కూడా కాసేపు ఆగాలి. నిద్ర వస్తే పాటలు, కిటికీ గాలి సరిపోవు. బండి ఆపి 20 నిమిషాలు పడుకోండి. మద్యం తాగితే తాళం వేరేవారికి ఇవ్వండి.

రోగిని తెచ్చేటప్పుడు

మనిషి ప్రాణాపాయంలో ఉంటే ముందుగా 108కి ఫోన్ చేయండి. కారులోనే తేవలసి వస్తే నడిపేవారు రోడ్డునే చూడాలి, రోగిని ఇంకొకరు చూసుకోవాలి. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, అందరూ క్షేమంగా రావాలి.

ప్రమాదం చూస్తే భయపడి వెళ్ళిపోకండి. సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో చట్టంలో చేరింది. 2025 నుండి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం అనే కేంద్ర పథకం ఉంది.

అన్నలారా, తమ్ములారా, మీరు నడిపే బండిలో అమ్మ ఉంటుంది, బిడ్డ ఉంటుంది, కిరాయికి ఎక్కిన పక్కింటివారు ఉంటారు. వారంతా మిమ్మల్ని నమ్మి కూర్చుంటారు. రేపు తాళం తిప్పే ముందు బెల్టు పెట్టుకోండి, పక్కవారి చేత పెట్టించండి.