కొల్లేటికి ‘ది’ ఉన్నదా?

గణపవరమున చదువుకొను పిల్లవానిని కొల్లేరునుగూర్చి ఇంగ్లీషులో నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో మొదటి పంక్తిలోనే కలము నిలిచిపోవును. కొల్లేటికి ముందు ‘ది’ ఉంచవలెనా, వలదా? తెలుగున ఇట్టి మాటయే లేదు గనుక వానిని తప్పుపట్టుటకు వీలులేదు.

ఇంగ్లీషువారు నదులకు ‘ది’ చేర్చి ‘ది గోదావరి’, ‘ది కృష్ణా’ అందురు. సరస్సులోనికి వచ్చు బుడమేరు, తమ్మిలేరులకును, అందలి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరునకును ఇదియే మర్యాద. బంగాళాఖాతము ‘ది బే ఆఫ్ బెంగాల్’. సరస్సునకు మాత్రము ఈ గౌరవము లేదు. ‘కొల్లేరు లేక్’ అనియే చెప్పవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి ఊళ్ళ పేర్లకును అంతే. హేతువేమని అడిగినచో వ్యాకరణవేత్తలు వాడుకను చూపుదురు. ఆ సమాధానము మాకు తృప్తి కలిగింపకున్నను, పిల్లవానికి అది చాలును.

‘ఎ’, ‘యాన్’ల సంగతి తేలిక. అచ్ఛుధ్వని వినబడినచో ‘యాన్ అవర్’, వినబడనిచో ‘ఎ యూనివర్సిటీ’. ఇందు చెవి చెప్పినదే చట్టము. రేడియో వినువారికి ఇది కొంత లాభము.

అసలు చిక్కు కాలమునందున్నది. మన ‘నుండి’ రెండు పనులు చేయును: ‘2015 నుండి’ అందుము, ‘పది యేండ్లనుండి’ అనియు అందుము. ఇంగ్లీషున ఆరంభమును తెలుపునది ‘సిన్స్’, పరిమాణమును తెలుపునది ‘ఫర్’. మనవారు ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వ్రాయుదురు. తప్పే, అయినను భావము తెలియును. ఆ తప్పునకు వెరచి ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని దిద్దుకొన్నప్పుడే ప్రమాదము. వ్యాకరణము నిర్దుష్టము, అర్థము తలక్రిందు! ఉద్యోగము మానివేసినాడని చదువరి తలచును. ‘ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అన్నచో నేటికిని చేయుచున్నాడని తేలును. దరఖాస్తు చూచు అధికారికి అభ్యర్థి ముఖము కనబడదు; ఆ ‘హావ్’ ఒక్కటే వాని పక్షమున సాక్షి. కాని ‘యెస్టర్‌డే’ వంటి గడచిన దినము పేర్కొన్నచోట ఈ ‘హావ్’ను దరిజేరనీయరాదు.

మన భాషయే మిన్నగా ఉన్న చోటొకటి కలదు. ‘మేము’, ‘మనము’ అను భేదము ఇంగ్లీషున లేదు. ‘వి ఆర్ గోయింగ్ టు కొల్లేరు’ అన్నచో వినుచున్న చుట్టము చెప్పులు తొడుగుకొనవలెనో, ఇంటనే కూర్చుండవలెనో తెలియదు. అతనిని వెంట తీసికొనిపోదలచినచో ‘యు అండ్ ఐ’ అని విప్పి చెప్పుట మేలు.