పసిబిడ్డ కడుపునొప్పి – అల్ట్రాసౌండ్ చూపే ఆనవాళ్ళు



ఈ బడిలో అక్షరాలు దిద్దుకొన్న నేను నేడు స్కానింగ్ వైద్యుడిగా నాలుగు మాటలు మనవి చేయదలచాను.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి, ఎనిమిది నెలల బిడ్డతో ఒక తెలుగు తల్లి వచ్చింది. అంతకుముందు చూపించిన చోట రాసిన చీటీలో “ఎడతెగని ఏడుపు, అజీర్ణం” అని ఉంది. ఆమె మాత్రం, “ఉండుండి ఏడుస్తున్నాడయ్యా, కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటున్నాడు” అన్నది. ఆ “ఉండుండి” అన్న మాటను స్థానిక భాషలో చెప్పలేకపోయింది. రోగనిర్ణయానికి కీలకం ఆ మాటే.

మూడు నెలలు మొదలు మూడేళ్ళ లోపు పిల్లల్లో చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి చొచ్చుకొనిపోవడం కలదు. దీనిని ఇంటస్ససెప్షన్ అంటారు. నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. నడుమ బిడ్డ తేరుకొన్నట్లే కనిపిస్తాడు. తరువాత వాంతులు, మగత, జిగురుతో కూడిన ఎర్రని విరేచనం రావచ్చును. ఆ ఎరుపు కనబడేదాకా వేచి ఉండరాదు. చిక్కిన పేగుకు రక్తప్రసారం ఆగిపోవచ్చును.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు. అడ్డంగా చూస్తే వలయంలో వలయం, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు, సాధారణంగా 2.5 సెంటీమీటర్లకు మించిన వెడల్పుతో కనిపిస్తుంది. నిలువుగా చూస్తే మూత్రపిండమేమో అనిపిస్తుంది. ఆనాడు నాకు కనబడినది అదే. ఆసన మార్గాన ఒత్తిడితో గాలిని గాని, సెలైన్‌ను గాని పంపి చాలామంది బిడ్డలకు పేగును యథాస్థానానికి తేవచ్చును. అది ఫలించకపోయినా, పేగుకు రంధ్రం పడినా శస్త్రచికిత్స తప్పదు. ఆ బిడ్డకు శస్త్రచికిత్స అవసరపడలేదు.

మరి మూడు ఆనవాళ్ళు చెబుతాను. కొన్ని వారాల శిశువు పాలు దూరంగా చిమ్మేటట్లు కక్కుతుంటే, జీర్ణాశయ ద్వారపు కండరం 3 మిల్లీమీటర్లు, అంతకు మించి మందమెక్కిందేమో చూస్తాము. పెద్ద పిల్లల్లో వాచిన అపెండిక్స్ 6 మిల్లీమీటర్లు దాటి, నొక్కినా అణగదు. శిశువు ఆకుపచ్చని వాంతి చేసుకొంటే పేగు మెలిపడిందేమోనని అనుమానించాలి. అప్పుడు గంటలు లెక్కపెట్టక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

యంత్రం బొమ్మను చూపుతుంది. ఏమి వెదకాలో తల్లి మాట చెబుతుంది. కనుక ఏడుపు ఎంతసేపటికొకసారి వస్తున్నదో, వాంతి ఏ రంగులో ఉన్నదో గమనించి చెప్పండి. ఇంటి మాటను అర్థం చేసుకొనే చెవిని నాకు నిలిపిన ఈ బడికి నమస్కరించి సెలవు తీసుకొంటున్నాను.