చిన్న కుళాయి – పెద్ద పని



బావి గట్టు మీద మోటారు పంపు మీరంతా చూసిందే. పంపు నెత్తిన ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని ఎయిర్ కాక్ అంటారు. అంటే గాలి కుళాయి. దానితో పనేమిటి?

ఒక ఊళ్ళో ఒకామె ఉంది. భర్త పని మీద పట్నం వెళ్ళాడు. మడిలో నారు ఎండుతోంది. కరెంటు రాగానే ఆమె మోటారు వేసింది. మోటారు తిరిగింది. చుక్క నీరు రాలేదు. "కాసేపు తిరిగితే వస్తాయిలే" అనుకుంది. పంపు బాగా వేడెక్కింది. భయపడి ఆపేసింది.

పక్క చేను పెద్దమ్మ వచ్చి చూసింది. "పంపులో గాలి పట్టిందే పిల్లా! ముందు గాలి తియ్యి" అంది.

గాలి పట్టడమంటే ఏమిటి?

పంపు లోపల ఒక చక్రం ఉంటుంది. తడిబట్టను గిరగిరా తిప్పితే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి కదా! చక్రం కూడా అలాగే నీటిని విసురుతుంది. విసిరిన చోట ఖాళీ అవుతుంది. అక్కడికి బావి నీరు పైపులోంచి ఎక్కుతుంది. గాలికంటే నీరు సుమారు 800 రెట్లు బరువు. తేలికైన గాలిని చక్రం గట్టిగా విసరలేదు. అందుకే లోపల గాలి ఉంటే నీరు ఎక్కదు. నీళ్ళు లేకుండా తిరిగితే పంపు లోపలి సీలు కూడా కాలిపోతుంది.

మరేం చెయ్యాలి?

1. మెయిన్ స్విచ్ ఆపాలి. ఆటో స్టార్టరు ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ప్రమాదం! పంపు వేడిగా ఉంటే చల్లారనివ్వాలి.
2. గాలి కుళాయి తెరవాలి.
3. గరాటుతో పంపులో నీళ్ళు పోయాలి. బుడబుడమని గాలి బయటికి వస్తుంది.
4. బుడగలు ఆగి నీళ్ళే వస్తే కుళాయి బిగించాలి. నీళ్ళు పోసిన మూత కూడా బిగించాలి.
5. చేతులు పొడిగా తుడుచుకుని స్విచ్ వెయ్యాలి.

ఆమె అలాగే చేసింది. నీళ్ళు మడిలోకి దూకాయి. నారు బతికింది.

రోజూ ఇలా నీళ్ళు పోయాల్సి వస్తోందా? అయితే బావిలో పైపు అడుగున ఉన్న ఫుట్ వాల్వు చూపించండి. అది నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. చెత్త అడ్డుపడినా, వాషరు అరిగినా నీరు జారిపోతుంది. కొందరు పేడనీళ్ళు పోస్తారు. పేడ సందులు మూస్తుంది. కానీ అది ఆ పూటకే. వాల్వు బాగుచేయించడమే మేలు.

బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపుకు ఈ పని లేదు. అది నీళ్ళలోనే మునిగి ఉంటుంది.

మోటారు మగవాళ్ళ పని అని ఊరుకోకండి. మడి ఎండితే ఇంటిల్లిపాదికీ నష్టమే. స్విచ్ పక్క గోడ మీద ఈ అయిదు మాటలు మీ చేత్తో రాసి పెట్టండి:

ఆపాలి. తెరవాలి. పోయాలి. బిగించాలి. వెయ్యాలి.