ఒక మెట్టు దిగితే తప్పా?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు అనగానే మనకి పై తరగతి, పెద్ద కాలేజీ, మంచి ర్యాంకు, ఇవే గుర్తుకొస్తాయి. అన్నీ ఎక్కడాలే. దిగడం అనే మాటని చదువుతో కలిపి మన ఇళ్ళల్లో ఎవరూ అనరు. అంటే అపశకునం. కాని చదువుకునే పిల్లల జీవితంలో "ఇది నాకు బరువుగా ఉందమ్మా, కాస్త తేలికదానిలోకి మారనా?" అని అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున తల్లి ఏం చెయ్యాలి? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఈ ప్రశ్న నా దాకా మా చెల్లెలి కూతురి వల్ల వచ్చింది. వాళ్ళుండేది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో. మనలో చాలామందికి అక్కడ చెల్లెలో, కూతురో, ఆడపడుచో ఉంటూనే ఉన్నారు గనక ఆ పేరు కొత్తేమీ కాదు. పిల్ల పదకొండో తరగతి. అక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. మన ఇంటర్మీడియెట్టు చదివే ఈడు పిల్లలు అక్కడ ఇంకా స్కూల్లోనే ఉంటారన్నమాట.

అక్కడొక పద్ధతి ఉంది. మన దగ్గర ఒక క్లాసులో ఎందరున్నా అందరికీ ఒకటే ఇంగ్లీషు వాచకం. అక్కడ చాలా స్కూళ్ళల్లో అదే తరగతికి ఇంగ్లీషు రెండు మూడు అంతస్తుల్లో చెబుతారు. కింద మామూలు ఇంగ్లీషు. దాని పైన ఆనర్సు. ఆ పైన ఏ.పి. ఏ.పి. అంటే మన రాష్ట్రం అనుకునేరు, కాదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, కాలేజీ బోర్డు అనే సంస్థ 1950ల నుంచీ నడుపుతున్న ఏర్పాటు. స్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి పాఠం చదివించి, మే నెలలో పరీక్ష పెడతారు. మార్కు ఒకటి నుంచి అయిదు దాకా. మూడో, ఆ పైనో వస్తే చాలా యూనివర్సిటీలు ఆ పాఠం చదివినట్టే లెక్క కడతాయి. కొన్ని నాలుగుకి గాని ఒప్పుకోవు, కొన్ని అయిదే కావాలంటాయి.

మా పిల్ల ఆ పై అంతస్తులో చేరింది. సెప్టెంబరులో స్కూలు తెరిచారు. అక్టోబరు వచ్చేసరికి మా చెల్లెలి ఫోను. "అక్కా, ఇది మెట్టు దిగుతానంటోందే. ఇంగ్లీషు ఏ.పి. మానేసి ఆనర్సులోకి పోతానంటోంది. నలుగురిలో ఏమని చెప్పుకోను?" అంది. అది ఏడవడం ఒక్కటే తక్కువ.

దాని బాధ నాకర్థమైంది. అక్కడ మనవాళ్ళు ఏ శనివారమో ఒకరింట్లో కలిసినప్పుడు, ఇక్కడ పేరంటంలో "ఎన్ని తులాలండీ?" అని అడిగినట్టు, "మీ అమ్మాయికి ఎన్ని ఏ.పి.లు?" అని అడుగుతారట. నాలుగు అంటే ఒక చూపు, రెండు అంటే ఇంకో చూపు.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఆ ఇంగ్లీషు గురించి నేనేం చెప్పగలను? అందుకని ముందు అసలు అందులో ఏముంటుందో తెలుసుకుందామని పిల్లతోనే మాట్లాడాను. వీడియోలో పుస్తకాలన్నీ చూపించింది. పరీక్ష మూడుంపావు గంటలు. నలభై అయిదు చిన్న ప్రశ్నలు, మూడు వ్యాసాలు. వ్యాసాలంటే మనం ఆవు మీదా దీపావళి మీదా రాసినవి కావు. ఒకదానికి ఒక విషయం మీద అయిదారు కాగితాలు ఇచ్చి, అవి చదివి, వాటి ఆధారంతో నీ వాదన రాయమంటారు. ఇంకొకటి పూర్తిగా నీ సొంత వాదన. మరొకదానికి ఎవరిదో ఉపన్యాసమో, ఉత్తరమో ఇచ్చి, ఇందులో రాసినాయన ఎదుటివాళ్ళని ఎలా ఒప్పించాడో విడమరిచి చెప్పమంటారు. ఏం చెప్పాడన్నది కాదు, ఎలా చెప్పాడన్నది.

ఈ చివరిది నాకు నచ్చింది. మా వీధిలోకి కూరలమ్మే ఆవిడ వస్తుంది. "తీసుకోకపోయినా ఫరవాలేదమ్మా, ఊరికే చూడండి" అంటుంది మొదట. తరవాత "తెల్లారి కోసిన వంకాయలు" అంటుంది. ఆఖర్న, బుట్ట ఎత్తుకోబోతూ, "ఎదురింటి అమ్మగారు రెండు కిలోలు తీసుకున్నారు లెండి" అంటుంది. ఇంక నేను తీసుకోకుండా ఎలా ఉంటాను? ముందు బలవంతం లేదని భయం పోగొట్టింది, తరవాత సరుకు మంచిదంది, చివరికి ఎదురింటావిడతో పోటీ పెట్టింది. "ఇదేనా మీ పాఠం?" అని అడిగితే పిల్ల పకపకా నవ్వి, "అదే పెద్దమ్మా, సరిగ్గా అదే! నువ్వు మా క్లాసులో ఉండాలి" అంది.

అంటే పిల్లకి తెలివి లేక కాదు, విషయం అర్థం కాకా కాదు. మరి ఎక్కడ వచ్చింది చిక్కు? వారానికి వ్యాసం, రోజుకి పాతిక ముప్ఫై పేజీలు, పక్కన ఏ.పి. కెమిస్ట్రీ, లెక్కలు, చరిత్ర. చదవడంలో అది నిదానం, చిన్నప్పటి నుంచీ అంతే. ఒంటి గంట దాటితే గాని పడుకోవడం లేదు. ఆరింటికి లేచి బస్సు ఎక్కాలి. వ్యాసానికి బి మైనస్, సి ప్లస్ వస్తున్నాయి. ఇంకో మాట చెప్పింది, నాకు మనసులో గుచ్చుకుంది. "పెద్దమ్మా, నేను కథల పుస్తకాలు చదవడం మానేశాను. ఏది తెరిచినా క్లాసే గుర్తొస్తోంది" అంది. ఈ పిల్ల ఇక్కడికి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో బట్టలకంటె పుస్తకాలే ఎక్కువ తెచ్చుకునేది. పెళ్ళికి వెళ్ళినా విడిదింట్లో మూల కూర్చుని చదువుకునేది. అలాంటిది ఇంగ్లీషు క్లాసు వల్ల ఇంగ్లీషు పుస్తకం ముట్టుకోవడం మానేసిందంటే, ఆ నష్టం ఏ మార్కుల్లో చూపిస్తారు?

మా చెల్లెలు మాత్రం మార్కుల లెక్క పాలపద్దులాగా రాసిపెట్టుకుంది. అక్కడ ఏ కి నాలుగు, బి కి మూడు, సి కి రెండు. చాలా స్కూళ్ళల్లో ఏ.పి. క్లాసుకి ఒకటి కలుపుతారు. అంటే ఏ.పి.లో బి వస్తే మామూలు క్లాసులో ఏ వచ్చినట్టే. "అక్కడ సి తెచ్చుకున్నా ఇక్కడ బి తెచ్చుకున్నా ఒకటే కదా, మరి దిగడమెందుకు?" అని దాని వాదన. వాదన బాగానే ఉంది, కాని యూనివర్సిటీవాళ్ళు ఆ కలిపిన అంకె ఒక్కటే చూసి ఊరుకోరు. ఏ క్లాసు తీసుకున్నారో చూస్తారు, అందులో ఏ మార్కు వచ్చిందో కూడా చూస్తారు. ఆ కాగితం మీద సి అనే అక్షరం సి గానే ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట. వాళ్ళ సంగతి వింటూ మనం నవ్వుకోనక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లలు ఇంటర్మీడియెట్టులో చేరగానే రెండో భాషగా సంస్కృతం తీసుకుంటున్నారు. కాళిదాసు మీద ప్రేమతోనా? అలాంటివాళ్ళూ ఉంటారు, వాళ్ళకి నా నమస్కారం. మిగతావాళ్ళు వందకి తొంభై ఎనిమిది పడతాయని. రెండేళ్ళకీ కలిపి వెయ్యి మార్కుల్లో రెండో భాషవి రెండు వందలు, పోగొట్టుకుంటామా? తెలంగాణలో 2023 నుంచి ఎంసెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కులు కలపడం తీసేశారు. అయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. సంస్కృతం తేలిక భాష అని నేననడం లేదు, అందులో పరీక్ష తేలిక అనుకునే చేరుతున్నారు. ఇక్కడ పిల్లవాడు తేలికదానిలోకి మారితే మనం దాన్ని దిగడం అనం, తెలివి అంటాం. ఎందుకంటే మార్కులు పెరుగుతాయి. అమెరికాలో మా పిల్ల మారితే పేరు తగ్గుతుంది, అందుకని సిగ్గు. చూశారా, మన బెంగ చదువు తేలికవుతుందని కాదు.

అలాగని అడిగిన ప్రతి పిల్లనీ మార్చెయ్యమని అనను. మా పక్కింటి అమ్మాయి తెలుగు మీడియంలో పది చదివి, ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో చేరింది. దసరా దాకా రోజూ ఏడుపే. ఫిజిక్సు పుస్తకంలో ప్రతి లైనుకీ డిక్షనరీ చూడవలసి వచ్చేది. మళ్ళీ తెలుగు మీడియంలోకి మార్పించమని తండ్రిని పీకి పెట్టింది. వాళ్ళమ్మ ఒకటే అడిగేది, "జూలైలో ఒక పేజీకి గంట పట్టేదన్నావు, ఇప్పుడు ఎంత పడుతోంది?" అని. ముప్పావు గంట. తరవాత అరగంట. సంక్రాంతికి ఆ పిల్ల ఏడుపు మానేసింది. ఇవాళ అది ఉద్యోగం చేసుకుంటోంది.

ఆ తల్లి పెద్ద చదువు చదివింది కాదు గాని, అడగవలసిన ప్రశ్న అడిగింది. కష్టం రోజురోజుకీ తరుగుతోందా, పెరుగుతోందా? తరుగుతుంటే పట్టుకుని ఉండమనాలి. మా చెల్లెలి కూతుర్ని అదే అడిగాను. సెప్టెంబరులో వ్యాసానికి మూడు రాత్రులు పట్టేదట, అక్టోబరు ఆఖరుకీ మూడు రాత్రులే. పైగా ఇప్పుడు ఏడుపు కూడా.

ఇంకొకటి చూసుకోవాలి, మారితే ముందు ముందు ఏ తలుపైనా మూసుకుంటుందా అని. మన సి.బి.యస్.ఇ. పదో తరగతి లెక్కల్లో 2020 పరీక్షల నుంచి స్టాండర్డ్ అనీ, బేసిక్ అనీ రెండు పేపర్లు పెట్టారు. పాఠాలు ఒకటే, ప్రశ్నపత్రమే తేడా. పదకొండులో లెక్కలు తీసుకునే ఉద్దేశమున్నవాళ్ళకి స్టాండర్డ్, అక్కర్లేనివాళ్ళకి బేసిక్ అని ఏర్పాటు. తరవాత కొన్నేళ్ళు ఆ నిబంధన సడలించారనుకోండి. అయినా అలాంటిచోట తొందరపడి సంతకం పెట్టకూడదు. మా పిల్ల విషయంలో ఆ భయం లేదు. నాలుగేళ్ళూ ఇంగ్లీషు చదవాలి, ఆనర్సయినా అది ఇంగ్లీషే. పన్నెండులో సాహిత్యం ఏ.పి. అని వేరే ఒకటుంది, ఓపికుంటే అప్పుడు తీసుకోవచ్చు.

మా మరిది మాట కూడా కొట్టిపారెయ్యలేం. "ఒక్క క్లాసు మారితే కొంపలేం అంటుకోవు వదినా, కాని ఇవాళ ఇంగ్లీషు, రేపు కెమిస్ట్రీ అంటే?" అన్నాడు. తండ్రి భయం అది. దానికి పిల్లే జవాబు చెప్పింది. కెమిస్ట్రీ కష్టంగానే ఉంది గాని వదలను నాన్నా, అని.

అక్కడ క్లాసు మారడానికి స్కూలువాళ్ళు ఒక తేదీ పెడతారు. అది దాటాక మారితే మానేసినట్టు గుర్తుగా ఒక డబ్ల్యూ రికార్డులో పడే స్కూళ్ళు ఉన్నాయి. ఆ తేదీ పది రోజుల్లోకి వచ్చింది. టీచరుతో ఒకసారి మాట్లాడవే అంటే మా చెల్లెలు "నా ఇంగ్లీషుతో ఇంగ్లీషు టీచరు దగ్గర ఏం మాట్లాడనే?" అని వారం రోజులు వాయిదా వేసింది. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉన్న మనిషి! చివరికి వెళ్ళింది. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడిందట. "మీ అమ్మాయి ఆలోచన బాగుంటుంది, గడియారం చూసి రాయడమే రాదు. ఉంటానంటే సాయం చేస్తాను. వెళతానంటే, ఆనర్సులో కూడా ఇలాంటి వ్యాసాలే రాయిస్తారు, కాస్త నెమ్మదిగా. రెండింటికీ నేను సంతకం పెడతాను" అంది. ఈ మాట మొదటి వారంలోనే విని ఉంటే ఇంట్లో అన్ని రాత్రులు రగడ జరిగేది కాదు. టీచరు దగ్గరికి వెళ్ళడానికి మనమెందుకు ఇంత జంకుతామో నాకు తెలియదు. ఇక్కడైనా అంతే. ఫీజు కట్టడానికి వెళతాం, ప్రోగ్రెసు కార్డు మీద సంతకానికి వెళతాం, నా పిల్లకి ఏది కష్టంగా ఉందని అడగడానికి వెళ్ళం.

ఆ రాత్రి ముగ్గురూ కూర్చున్నారు. నిర్ణయం పిల్లకే వదిలారు. పదహారేళ్ళ పిల్ల, రెండేళ్ళు పోతే ఊరు దాటి వెళ్ళి తన సంగతి తనే చూసుకోవాలి. "మారతాను" అంది. మర్నాడు కాగితం ఇచ్చేశారు.

ఆనర్సులోకి వెళ్ళగానే ఏ లు రాలిపడతాయనుకుంటే అదేం లేదు. మొదటి వ్యాసానికి బి ప్లస్ వచ్చింది. పదకొండింటికి పడుకుంటోంది. మొన్న వీడియోలో చూస్తే ఒళ్ళో దిండంత నవల ఉంది, స్కూలుది కాదు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్నది. నాతో మాట్లాడుతూనే ఒక వేలు పేజీలో పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడు ఫోను పెట్టేస్తానా అని చూస్తోందని తెలిసి నేనే త్వరగా పెట్టేశాను.

దీపావళి భోజనాలకి తెలుగువాళ్ళంతా కలిసినప్పుడు ఒకావిడ మా చెల్లెల్ని అడగనే అడిగిందట, "మీ అమ్మాయి ఏ.పి. ఇంగ్లీషేగా?" అని. "కాదండీ, ఆనర్సు" అని మా చెల్లెలు చేతిలో పళ్ళెం గట్టిగా పట్టుకుని నిలబడిందట. ఆవిడ "ఓహో" అని, ఈ పులిహోర ఎవరు కలిపారు, ఇంగువ బాగా పడింది, అని అడిగిందట.