మరచిపోవు బిడ్డ



గుంతకల్లు చుట్టుపట్ల పల్లెలలో ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిని. ఆ కాలమున నేను చేసిన తప్పు నొకదానిని ముందు చెప్పి, పిదప విషయమునకు వచ్చెదను.

నా బడిలో నొక బాలుడుండెను. మంచివాడు. ఎవరేపని చెప్పినను నవ్వుచు లేచెడివాడు. కాని నిన్న వచ్చిన ఎక్కము నేడు రాదు. "సుద్దముక్క తెమ్ము, వచ్చునపుడు తలుపు మూయుము, తరువాత గంట కొట్టుము" అని చెప్పినచో, సుద్దముక్కకై పోయి గోడవార చీమలబారును చూచుచు నిలిచిపోవును. ఒకనాడు తోటివాని పలక తీసికొని, అడిగిన లేదని బొంకెను. నేను బెత్తము తీసితిని. మరునాడును అదే పని. పొగరనుకొని మరింత కొట్టితిని. ఐదవ తరగతి ముగియకమునుపే వాడు బడి మానెను.

కొన్నాళ్లకు వాని అవ్వ మా అరుగుమీద కూర్చుండి ఇట్లనెను: "అయ్యవారూ, వాడు కడుపులో ఉండంగా నా కోడలు రాళ్లు కొట్టేదానికి పోయేది. పొద్దుగూకితే అందరితోపాటు సారాయి తాగేది, ఒళ్లునొప్పులు పోతాయని. దానివల్లనే వీడు ఇట్లాయెనా?" నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు పంతులునైన నాకు నోరు రాలేదు. దైవికమని చెప్పి పంపివేసితిని.

ఆ ప్రశ్నకు జవాబు ఉద్యోగము మానిన పిదప దొరకినది. ఇప్పుడు ఇంట గూర్చుండియే సెల్లుఫోనులో పాఠములు వినవచ్చును గదా. మా మనుమరాలు అట్టి పాఠములు కొన్ని నాకు చూపెను. ఇట్టి పిల్లలను పెంచుచున్న తలిదండ్రులు తమ అనుభవములను వానిలో చెప్పిరి. వినినకొలదియు నాకు ఆ బాలుడే కంటికి గట్టుచుండెను. వానికి కలిగినది ఇదియే యని నేను నిశ్చయింపజాలను, అది వైద్యుల పని. కాని వానిని కొట్టుట వలన ఫలములేదని మాత్రము తెలిసికొంటిని.

ఈ లోపమునకు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అని ఇంగ్లీషున పేరు. తల్లి గర్భమున నున్నపుడు మద్యసారము తగులుటచే శిశువునకు కలుగు పలువిధములైన లోపములని దాని భావము. తల్లి త్రాగినది ఆమె రక్తమునుండి మాయ ద్వారా శిశువును చేరును. దానిని విరిచివేయుటకు తగిన శక్తి ఆ పసికాలేయమునకు లేదు. మెదడు తొమ్మిది నెలలును పెరుగుచునే యుండును గనుక, ఏ నెలయందైనను హాని కలుగవచ్చును. కొందరికి కండ్లు చిన్నవై, ముక్కునకును పెదవికిని నడుమ నుండు గాడి చదునై, పై పెదవి పలుచనై యుండును. పెక్కుమందికి ముఖమున ఏ గురుతును ఉండదు. అందుచేతనే చూచినవారు బిడ్డ బాగుగనే యున్నాడు, బుద్ధియే చెడ్డదని తలతురు.

ఇంగ్లండున లివర్‌పూల్ చెరసాల వైద్యుడు సల్లివన్ 1899లో ఒక విషయము వ్రాసెను. త్రాగుడు మరగిన స్త్రీల బిడ్డలు పెక్కుమంది చనిపోవుచుండగా, గర్భమున నున్నపుడు చెరలోబడి త్రాగుట కవకాశము లేకపోయిన కొందరు ఆరోగ్యవంతులైన బిడ్డలను కనిరట! 1968లో ఫ్రాన్సు దేశమున లెమ్వాన్ అను వైద్యుడు 127 మంది పిల్లలను గూర్చి వ్రాసెను. 1973లో అమెరికాలో జోన్స్, స్మిత్ అను వైద్యులు ఈ లోపములలో తీవ్రమైన రూపమునకు పేరు పెట్టిరి.

కల్లు చలువ యని కొందరందురు. మన గుంతకల్లు పేరులోని కల్లు కన్నడపు కల్లు, అనగా రాయి యని పెద్దలు చెప్పుదురు. ఆ కల్లు వలన భయము లేదు! త్రాగెడి కల్లైనను, సారాయైనను, సీసాలోని దొరసారాయైనను అందున్న మద్యసారమొక్కటే. గర్భిణికి ఇంత మాత్రము హానిలేదని చెప్పదగిన కొలత ఏదియు కనుగొనబడలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రోశమ్మ మొదలగువారు సారా అంగడిని మూయించిన కథ మీరెరుగుదురు. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. ఆ స్త్రీల పోరాటము ముఖ్యముగా మగవారి త్రాగుడును గూర్చినది. గర్భమందలి బిడ్డ మాట రచ్చబండపై నేటికిని అరుదుగనే వినబడును.

ఇక ఇట్టి బిడ్డతో మెలగు విధము. ఒకసారి ఒక్క పనియే చెప్పవలెను. అది ముగిసిన పిదప రెండవది. నోటితో చెప్పుటకంటె చేతితో చేసి చూపుట మేలు. లేచుట, తినుట, పండుకొనుట ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను. నిన్న నేర్చినది నేడు మరచినచో మరల నేర్పవలెను. వాని బొంకు పెక్కుసార్లు బొంకు కాదు. జ్ఞాపకము లేనిచోట తోచిన మాటను పెట్టి పూడ్చుకొనుచుండును. మీసము వచ్చినను లోకజ్ఞానమున పదేండ్లవానివలె నుండవచ్చును గనుక, డబ్బు చేతికిచ్చి సంతకు పంపుటలోను, చెడుసావాసములోను జాగ్రత్త యవసరము. సియాటిల్ నగరమున స్ట్రీస్‌గత్ అను విదుషి 1996లో ప్రకటించిన పరిశోధనలో, ఆరేండ్లలోపుననే లోపము గుర్తింపబడి, నిలుకడగల ఇంట పెరిగినవారికి పెద్దయైన పిదప చిక్కులు తక్కువగా నుండెనని తేలినది. పోయిన మెదడు తిరిగిరాదు, మందు లేదు. కాని ఇల్లు మారవచ్చును.

2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు బృందములు అంగన్‌వాడీలకును బడులకును వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. మాట, నడక ఆలస్యమైన బిడ్డను దాచక చూపుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు పట్టికలో ఈ లోపము పేరు లేకున్నను, బుద్ధిమాంద్యమును, నేర్చుకొనుటలోని లోపమును కలవు. సికిందరాబాదున 1984లో వెలసిన జాతీయ సంస్థ ఇట్టి పిల్లలకొరకే యున్నది.

ఆ పాఠములు విన్న పిదప నేను ఆ ఊరికి పోయితిని. అవ్వ గతించినది. తల్లి ఎన్నడో త్రాగుడు మానినది. ఊరివారు మాత్రము ఆమెను దెప్పుట మానలేదు. ఆమెతో ఇట్లంటిని: "నీవు తెలియక త్రాగితివమ్మా. నీకెవ్వరును చెప్పలేదు. నేను చదివినవాడనై యుండియు నీ బిడ్డను కొట్టితిని." ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత మంచినీళ్లు తెచ్చి యిచ్చెను.

ఆ కుఱ్ఱడిప్పుడు మేనమామ మేకలను కాయుచున్నాడు. ప్రతిదినము ఒకే దారిన పోయి, ఒకే చెట్టు క్రింద సద్ది తినును. మేకలను లెక్కపెట్టలేడు, కాని యొకటి తప్పినను ఏది తప్పినదో చెప్పును. నన్ను చూచి "అయ్యవారూ" అని లేచి నిలిచెను. అంగడినుండి ఉప్పు తెమ్మంటిని. తెచ్చెను. పిదప అగ్గిపెట్టె తెమ్మంటిని. అదియు తెచ్చెను.